అమ్మ పలికిన ఇల్లు

ఏడుకొండల మీద నిలబడి ఎక్కడెక్కడి బిడ్డల ఏడుపూ వినే స్వామికి ముందుగా దండం. వేపమండల్లో చల్లగా కూర్చునే తల్లికి దండం. పుట్టిన క్షణాన మన లోపలికి గాలిగా వచ్చి, పోయే క్షణాన గాలిగానే బయటికి నడిచే పరమాత్మకు, నడుమ ఇచ్చిన ఒక్కొక్క ఊపిరికి ఒక్కొక్క దండం. ఆయనను తలచుకోకుండా ఈ నాలుగు మాటలు రాయడానికి నాకు చెయ్యి ఆడదు. ఎందుకంటే ఇందులో చెప్పబోయేది ఆయన పేరు అడ్డం పెట్టుకొని నేను చేసిన తప్పు.

కోలారు బంగారు గనుల ఊళ్ళో నేను నర్సుగా పనిచేశాను. ఆసుపత్రిలో కూర్చునే నర్సును కాదు. సంచి భుజాన వేసుకొని ఇల్లిల్లూ తిరిగి బిడ్డలకు టీకాలు వేసే, బరువు తూచే నర్సును. ఉద్యోగం విరమించి కొన్నేళ్ళయింది. కొత్తగా చేరిన ఆడపిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి, "అమ్మా, మీ రోజుల్లో ఎట్ల చేస్తా ఉంటిరి?" అని అడుగుతారు. వాళ్ళకు నేను బాగా చేసిన పనులే చెబుతూ వచ్చాను. మనిషి నోరు అంతే. ఇది మాత్రం ఇన్నాళ్ళూ వాళ్ళకు చెప్పలేదు. ఇప్పుడు వాళ్ళ కోసమే రాస్తున్నాను.

అప్పటికే మా ఊరి గనులు మూతపడి చాలా ఏళ్ళు. గనిలోకి దిగినవాళ్ళ కొడుకులు, కోడళ్ళు తెల్లవారకముందే రైలెక్కి బెంగళూరుకో మాలూరు ఫ్యాక్టరీలకో పోయి, పొద్దుపోయాక తిరిగి వచ్చేవాళ్ళు. పగలంతా లైనుల్లో ముసలివాళ్ళు, నడక నేర్చిన బిడ్డలు మిగిలేవాళ్ళు. లైను అంటే గని కూలీల కోసం కట్టిన ఇళ్ళ వరస. ఇంటికీ ఇంటికీ నడుమ ఒకటే గోడ, అది కూడా కప్పు దాకా పోదు. ఒక ఇంట్లో దగ్గితే మూడో ఇంట్లోంచి "ఏమాయ?" అని పలకరిస్తారు. లైనుల వెనక సైనైడు గుట్టలు. బంగారం తీసుకోగా మిగిలిన మట్టి అంతా కొండల్లా పోసి వదిలేశారు. గాలి లేస్తే ఆ పొడి తెల్లగా ఇళ్ళ మీదికి వస్తుంది. అప్పుడు తలుపులన్నీ మూసుకుంటాయి. పట్టపగలు నడివీధిలో నిలబడితే మనిషి కనబడడు. మన అడుగుల జాడలు మన వెనకనే పూడిపోతుంటాయి.

ఇంకొక సంగతి చెప్పకపోతే తరువాతిది అర్థం కాదు. ఆ లైనుల ముసలివాళ్ళు చెవులతో బతికినవాళ్ళు. మగవాళ్ళు భూమి అడుగున ఉన్నంతసేపు పైనున్న ఆడవాళ్ళకు వార్త చెప్పేది చప్పుడే. వేళకు గని కూత మోగితే షిఫ్టు మారినట్టు. వేళకాని వేళ మోగితే ఎవరి ఇంటికో దెబ్బ తగిలినట్టు. అడుగున బండ పగిలితే ఇంట్లో గిన్నెలు గలగలమనేవి. ఆ గలగలను బట్టి ఎంత లోతున పగిలిందో చెప్పే అవ్వలు ఉండేవాళ్ళు. చప్పుడుకు అర్థం ఉంటుందనుకోవడం వాళ్ళకు మూఢత్వం కాదు, బతుకు నేర్పిన చదువు. గనులు మూతపడినా ఆ చెవులు మూతపడలేదు.

ఆ ఏడు ఎండలు ముదిరే ముందు లైనుల్లో తట్టు వచ్చింది. మాకు నేర్పిన పాఠం ప్రకారం తట్టు అంటే మొదట జ్వరం, దగ్గు, కారే ముక్కు, ఎర్రబడిన కళ్ళు. మూడు నాలుగు రోజులకు చెవుల వెనకనుంచి మొదలై ముఖం, ఆ పైన ఒళ్ళంతా ఎర్రటి దద్దు. ఇళ్ళలో చెప్పే మాట వేరు. "అమ్మ పోసినాది" అంటారు. మారెమ్మ తల్లి ఆ బిడ్డ ఒంట్లో దిగి కూర్చుందని అర్థం. అప్పటినుంచి గుమ్మానికి వేపమండలు కడతారు. ఇంట్లో తాలింపు వేయరు. బయటివాళ్ళను రానివ్వరు. పడుకున్న బిడ్డను పేరు పెట్టి పిలవరు, తల్లీ అని పిలుస్తారు. అమ్మ దిగిపోయే రోజున తలకు నీళ్ళు పోసి సాగనంపుతారు.

ఈ ఆచారాన్ని ఎగతాళి చేయడానికి నేను రాయడం లేదు. నేనూ ఆ ఆచారంలోనే పెరిగాను. అందులో చాలా భాగం మంచిదే. బిడ్డను విడిగా పడుకోబెడతారు, చల్లగా ఉంచుతారు, నలుగురు మీద పడకుండా చూస్తారు. మందు ఇవ్వకపోవడం, గడప దాటి ఎవరినీ రానివ్వకపోవడం మాత్రమే చెడ్డది. దానికి నాలాంటిది తోడైతే ఇంకా చెడ్డది.

నేను భజన మందిరంలో శనివారం శనివారం పురాణం చదివేదాన్ని. గొంతు బాగుంటుందని అందరూ అనేవాళ్ళు, నేనూ కాదనేదాన్ని కాదు. రాక్షసి చేతినుంచి బతికి బయటపడ్డ చిన్ని కృష్ణుడికి గోపికలు అంగాంగానికీ రక్ష పెట్టే ఘట్టం చదువుతుంటే లైనుల అవ్వలు కొంగుతో కళ్ళు తుడుచుకునేవాళ్ళు. అందుకే వాళ్ళకు నేను సగం నర్సును, సగం పంతులమ్మను. నా సంచి మాట కంటే నా నొసట బొట్టు మాట ఎక్కువ చెల్లేది.

నాతో తిరిగే ఆశా కార్యకర్త ఆ లైనుల పిల్లే. ఇంట్లో తమిళం, వీధిలో తెలుగు, ఆఫీసులో కన్నడం, కోపం వస్తే మూడూ మాట్లాడేది. ఒక రోజు మధ్యాహ్నం వీధి మొదట్లోనే నన్ను ఆపింది.

"అక్కా, చివరి ఇంట్లో పిల్లోడికి అమ్మ పోసి నాలుగు దినాలాయ. వాళ్ళవ్వ తలుపు సగమే తీస్తాది. నాకు నెల దినాలు, నేను గడప తొక్కకూడదు. నువ్వు పోయి చూసి రా."

"అమ్మ ఉండే ఇంట్లోకి నేను మాత్రం యాడ పోయేది? పొద్దుట్నుంచి పది ఇండ్లు తిరిగి ఉండాను."

"పురాణం చదివే దానివి, నిన్ను గూడ వద్దంటాదా మారెమ్మ? నన్నంటే అంటాది. మారెమ్మ అనకపోయినా మా అత్త అంటాది."

నవ్వుకుంటూ వెళ్ళాను. ఆ పిల్లవాడికి రెండేళ్ళు. నా రిజిస్టరులో వాడి పేరు ఎదురుగా తట్టు టీకా గడి ఖాళీగా ఉంది. టీకా వేయాల్సిన నెలల్లో వాణ్ణి ఆవని అనే ఊరి పక్కన తల్లి పుట్టింటికి తీసుకుపోయారు. వచ్చే నెల చూద్దామని నేను అనుకున్నాను. వచ్చే నెల వచ్చింది, పోయింది.

గుమ్మానికి వేపమండలు ఒత్తుగా కట్టి ఉన్నాయి. బయట ఎండ ఎంత ఉందో లోపల చీకటి అంత ఉంది. కళ్ళు అలవాటు పడ్డాక చాప మీద పరచిన వేపాకు, దాని మీద తెల్ల గుడ్డ, గుడ్డ కింద చిన్న ఎత్తు కనిపించాయి. పక్కన గని కార్మికుడి భార్యగా ముప్పై ఏళ్ళు, విధవగా ఇరవై ఏళ్ళు ఆ ఇంట్లోనే గడిపిన అవ్వ. ఆ ఎత్తు మీదికి వంగి మెల్లగా మాట్లాడుతోంది.

"తల్లీ, కండ్లు తెరువు తల్లీ. మజ్జిగ తాగతావా తల్లీ? కోపమా తల్లీ?"

రెండేళ్ళ మగబిడ్డను ఒక ముసలామె అంత భయంగా, అంత గౌరవంగా పలకరించడం విని నేను అక్కడే ఆగిపోయాను. బిడ్డ మాత్రం పలకలేదు, ఏడవలేదు.

"అవ్వా, ఏమైనా తాగతా ఉండాడా?" అని గడప బయటినుంచే అడిగాను.

"ఉండాడు అనొద్దు నర్సమ్మా, ఉండాది అను. అమ్మకు ఎంత కావాల్నో అంతే తాగతాది. పొద్దుట ఒక ఉద్ధరిణి తాగింది."

నాకు అక్కడే కాలు నేలకు అంటుకుపోవాల్సింది. రెండేళ్ళ బిడ్డ పొద్దుటినుంచి ఒక్క ఉద్ధరిణి నీళ్ళు తాగడమంటే అది తాగడం కాదు. కానీ ఆ చీకటి, ఆ వేపాకు వాసన, ఆ 'తల్లీ' అన్న పిలుపు నన్ను నర్సుగా ఉండనివ్వలేదు. చెప్పులు విడిచి, చేతులు జోడించి, గడపను తాకి కళ్ళకద్దుకొని వచ్చేశాను. పక్కింట్లో ఒక ఆడబిడ్డ చెవిపోటుతో లైను అదిరేలా ఏడుస్తోంది. దాని దగ్గర గంట కూర్చున్నాను. కేకలు పెట్టే బిడ్డకు గంట, చప్పుడు చేయని బిడ్డకు ఒక దండం. మీరు రేపు ఏ ఇంటికి పోయినా ఈ పొరపాటు మీ కాళ్ళకు అడ్డం పడుతుంది. ఏడ్చే బిడ్డకు ఏడ్చే ఓపిక ఉంది. ఏడవని బిడ్డ దగ్గరికి ముందు పోవాలి.

నేను దండం పెట్టడం నలుగురైదుగురు ఆడవాళ్ళు తలుపు సందుల్లోంచి చూశారు. అది ఏమవుతుందో నాకు అప్పుడు తెలియలేదు.

మరుసటి రోజు ఆశా పిల్ల పరుగున వచ్చింది. "అక్కా, చివరింట్లో అమ్మ పలకతా ఉండాది అంట. రేత్రి నుంచీ. గోడవతలికి గూడ వినిపిస్తా ఉండాది."

వెళ్ళేసరికి ఆ ఇంటి ముందు ఏడెనిమిది మంది ఆడవాళ్ళు కూర్చున్నారు. నిమ్మకాయలు, పసుపు, చెంబులతో నీళ్ళు. ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. లోపలినుంచి వస్తోంది ఆ చప్పుడు. చిన్న మూలుగు. గొంతు అడుగునుంచి వచ్చి, అంతలోనే తెగిపోయే మూలుగు. బిడ్డ గొంతులా లేదు. వయసు లేని గొంతులా ఉంది.

ఒకామె కొంగు పట్టుకొని ముందుకు వంగింది. "తల్లీ, నా కొడుక్కి ఈ తూరైనా ఉద్యోగం వస్తాదా?"

మూలుగు వచ్చింది.

"వస్తాదంట!" అని ఆమె ఏడ్చేసింది. మళ్ళీ ఆశగా, "యాడ తల్లీ? బెంగుళూరులోనా, మాలూరులోనా?"

వెనకనుంచి ఒక పెద్దామె గొణిగింది. "ఊరు పేరు గూడ అమ్మే చెప్పాల్నా? ముందు వాణ్ణి పోయి అర్జీ పెట్టమను."

నవ్వు ఒక్క క్షణం పాకి, మూలుగు రాగానే ఆగిపోయింది. నన్ను చూసి అందరూ దారి ఇచ్చారు. "రా నర్సమ్మా. నిన్న నువ్వు మొక్కినాక సాయంత్రానికే పలకను మొదులుపెట్టె" అంది గడప లోపలినుంచి అవ్వ. ఆ గొంతులో కృతజ్ఞత ఉంది.

ఇప్పుడు రాసేది రాయడానికే ఇన్ని పేజీలు తిప్పి తిప్పి వచ్చాను. అప్పుడు నా కూతురికి మూడో నెల. అంతకు ముందు రెండు కడుపులు నిలవలేదు. ముప్పై ఏళ్ళు ఇతరుల కాన్పులు చూసిన నేను నా కూతురి విషయంలో మామూలు తల్లిని. ఆ గుమ్మం ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. వేపాకులు నా తలకు తగులుతున్నాయి.

"అమ్మా, నా బిడ్డ కడుపు ఈసారి నిలుస్తుందా?"

మూలుగు వచ్చింది. ఆ తల్లి నా పేరు, నా కూతురి పేరు తెలిసి పలికినట్టే అనిపించింది. ఏడుస్తూ, తేలికగా ఇంటికి పోయాను. ఆ కడుపు నిలిచిందా అని మీరు అడుగుతారు. నిలిచింది. అయితే దాన్ని ఎవరూ సాక్ష్యంగా పట్టుకోవద్దు. ఉద్యోగం వస్తుందని అదే మూలుగు చెప్పిన కొడుకు తరువాత ఎన్నో ఏళ్ళు పని వెతుక్కుంటూ బెంగళూరు రైల్లోనే తిరిగాడు.

మూడో రోజు మధ్యాహ్నం నేను మళ్ళీ వెళ్ళాను. బిడ్డను చూడటానికి కాదు. సంచిలో థర్మామీటరు పక్కన ఒక కొబ్బరికాయ పెట్టుకొని, అమ్మకు మొక్కు చెల్లించడానికి.

గాలి లేచింది. గుట్టల మీదినుంచి తెల్లటి పొడి వచ్చి లైనంతా కమ్మేసింది. ఇంటి ముందు ఒక్క మనిషి లేదు. నిన్నటి నిమ్మకాయలు పొడి పట్టి గుండ్రాళ్ళలా పడి ఉన్నాయి. తలుపులన్నీ మూసి ఉన్నాయి, ఆ ఒక్క తలుపు తప్ప. వేపమండలు వాడి, గాలికి గుమ్మాన్ని గీకుతున్నాయి.

లోపల మూలుగు వినిపిస్తోంది.

ఎవరో లోపల కూర్చొని అడుగుతున్నారనుకున్నాను. వాళ్ళది అయ్యాక పోదామని గడప పక్కన నిలబడ్డాను. మూలుగు వచ్చింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ. అడిగే గొంతు మాత్రం వినబడలేదు. తొంగి చూశాను. అవ్వ గోడకు ఆనుకొని కూర్చున్నచోటే నిద్రపోతోంది. ఇంకెవరూ లేరు. చీకట్లో ఆ గుడ్డ కింది ఎత్తు, ఎవరూ అడగని ప్రశ్నలకు వరసగా, ఆగకుండా, ఒకే కొలతతో జవాబు చెబుతోంది.

ఎవరికి చెబుతోంది? ఏం చెబుతోంది? ఆ భయంలో నా ఎడమ చెయ్యి దానంతట అది పైకి లేచింది. గడియారం వైపు చూశాను. అది భక్తి కాదు, తెలివీ కాదు. ముప్పై ఏళ్ళ అలవాటు. ముల్లు ఒక చుట్టు తిరిగేలోపల వచ్చిన మూలుగులు లెక్కపెట్టాను. అరవై రెండు.

ఏడాది దాటిన బిడ్డ నిమిషానికి నలభై సార్లు ఊపిరి తీస్తేనే మేము భయపడాలి. ఒక్కొక్క మూలుగు ఒక్కొక్క ఊపిరి చివర వస్తోంది. ఊపిరితిత్తులు నిమ్ముతో నిండినప్పుడు, అవి పూర్తిగా మూసుకుపోకుండా బిడ్డ గొంతును సగం బిగించి గాలిని పట్టి ఉంచుతాడు. ఆ బిగింపు దాటి వచ్చేదే ఆ చప్పుడు. ఇది నేను చదివాను. పరీక్షలో రాశాను. కొత్తగా వచ్చిన పిల్లలకు మూలిగి చూపించి మరీ నేర్పాను.

గడప దాటాను. గుడ్డ తీశాను. దద్దు ఎరుపు పోయి గోధుమరంగు మచ్చలై పొలుసు లేస్తోంది. ముక్కుపుటాలు ఎగురుతున్నాయి. ఊపిరి తీసినప్పుడల్లా డొక్కలు లోపలికి గుంటలు పడుతున్నాయి. పెదవుల మీద బయటి పొడి రంగు. బుగ్గ తట్టాను. కళ్ళు సగం తెరిచాడు కానీ నన్ను చూడలేదు.

అవ్వ ఉలిక్కిపడి లేచింది. ముందు నా కాళ్ళు చూసింది. "చెప్పులు! చెప్పులకాళ్ళతో అమ్మ మీదికి వచ్చినావా? పురాణం చదివే దానివి, నీకు పిచ్చా?"

"అవ్వా, బిడ్డను ఎత్తు. ఆసుపత్రికి పోవాల."

"నీళ్ళు పోయకుండా గడప దాటిస్తే అమ్మ ఊరుకుంటాదా?"

"అమ్మ దిగిపోయింది అవ్వా. మచ్చలు చూడు, నల్లబడినాయి. అమ్మ ఉంటే ఎర్రగా ఉండాల గదా. నీకు తెలీదా?"

అవ్వ మచ్చలు చూసింది. ఆమెకు తెలుసు. ఎంతమంది బిడ్డలకు నీళ్ళు పోసిందో ఆమె. తల ఎత్తి నన్ను అడిగింది.

"అమ్మ పోయుంటే, మరి పలికేది ఎవురు?"

నేను బిడ్డ డొక్కలు చూపించాను.

"ఊపిరి అవ్వా. బిడ్డకు ఊపిరి ఆడలేదు. అది ఆ చప్పుడు."

"నిన్న నువ్వే అడిగితివి గదా, నీ కూతురి సంగతి. ఏడ్చుకుంటా పోతివి. నిన్న అమ్మ, ఈ దినం ఊపిరా?"

బిడ్డను లాక్కొని పోవచ్చు. కానీ ఆ ఇంట్లోనుంచి బలవంతంగా ఎత్తుకుపోతే దారిలోనే లైనంతా అడ్డం పడుతుంది. అది అమ్మ పలుకేనని వాళ్ళకు నిన్న మొక్కి చూపించింది నేనే. అప్పుడు ఒక ఆలోచన వచ్చింది. ఏది అడిగినా అదే మూలుగు వస్తుందని అవ్వకు చూపిస్తే చాలు. బిడ్డ పక్కన కూర్చున్నాను. నమ్మకం లేనివాళ్ళకు అది ఉత్త ఉపాయం. నాకు కాదు.

"అమ్మా," అన్నాను. "ఈ బిడ్డను నీతో తీసుకొని పోతావా?"

అవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

మూలుగు రాలేదు.

రెండు రోజులుగా తెగకుండా వచ్చిన చప్పుడు ఆగిపోయింది. గుమ్మాన్ని గీకుతున్న వేపమండల చప్పుడు ఒక్కటే. నేను లోపల లెక్కపెడుతున్నాను. మూడు. నాలుగు. ఐదు. పక్కిళ్ళ గోడల అవతల కూడా ఎవరో ఊపిరి బిగపట్టి వింటున్నట్టు అనిపించింది. ఏడు. ఎనిమిది. బిడ్డ ఎద కదిలింది. మూలుగు మళ్ళీ వచ్చింది, ఈసారి సన్నగా, దూరంగా.

"పలకలేదు!" అని అవ్వ అరిచింది. "విన్నావా, అమ్మ పలకలేదు! తీసుకొని పోదంట! నా బిడ్డను నాకే ఇడిచి పెట్టిందంట!" అంటూ వాణ్ణి గుడ్డతో సహా ఎత్తి భుజాన వేసుకుంది.

అలసిపోయిన బిడ్డకు ఊపిరి అలా మధ్యలో ఆగడం అంటే ఏమిటో నాకు తెలుసు. అది ఆగిపోవడం నేర్చుకుంటోంది. ఆమె సంతోషంతో, నేను భయంతో, ఇద్దరం ఒకే గడప దాటి ఆ తెల్లటి పొడిలోకి పరుగెత్తాం. కొబ్బరికాయ సంచిలో నా తుంటికి కొట్టుకుంటూనే ఉంది.

నా కేకకు ఆశా పిల్ల ఎక్కడినుంచో ఆటోను తెచ్చింది. బిడ్డ ముఖం చూసి, నన్ను చూసి, ఒక్క మాట అనలేదు. మూడు భాషల్లో ఒక్కటి కూడా. మా ఆరోగ్య కేంద్రంలో డాక్టరు చిన్నవాడు. ఆక్సిజన్ పెట్టి, మొదటి ఇంజక్షన్ తానే వేస్తూ అడిగాడు.

"ఎన్ని రోజులైంది సిస్టర్, ఈ సౌండు?"

"రెండు రోజులు సార్."

"మీ ఏరియానే కదా?"

"అవును సార్."

అంతే. కోలారు పెద్దాసుపత్రికి అంబులెన్సులో బయలుదేరాం. టమాట మార్కెట్ దగ్గర లారీలు అడ్డం పడి బండి ఆగితే, డ్రైవరు సైరను గట్టిగా మోగించాడు. అవ్వ నా చెయ్యి పట్టుకుంది. ఆ పట్టు ఇప్పటికీ గుర్తుంది. ఆమె చెవికి వేళకాని వేళ మోగే కూత అంటే ఒకటే అర్థం.

"నర్సమ్మా, ఈ కూత మనకేనా?"

"మనకే అవ్వా. దారి ఇడవండి, బిడ్డను ఆసుపత్రికి తీసుకొని పోతా ఉండాము అని అడిగే కూత ఇది. దెబ్బ తగిలిందని చెప్పే కూత కాదు."

ఆమె నమ్మిందో లేదో. కోలారు చేరేదాకా చెయ్యి వదల్లేదు.

సాయంత్రానికి పిల్లవాడి తల్లి మాలూరు ఫ్యాక్టరీనుంచి మెడలో కార్డుతోనే పరుగెత్తుకొచ్చింది. జరిగింది అవ్వ తనకు తెలిసినట్టు చెప్పింది, నర్సమ్మ దేవతలా వచ్చి కాపాడిందని. ఆ పిల్ల నా కాళ్ళు పట్టుకోబోయింది. నేను పక్కకు తప్పుకొని బయటికి పోయి, పంపు దగ్గర ముఖం కడుక్కుంటూ చాలాసేపు ఉన్నాను. అప్పుడే నిజం చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు.

మూడు రోజులు బిడ్డ అటో ఇటో అన్నట్టే ఉన్నాడు. నాలుగో రోజు ఉదయం నేను వార్డు మెట్లెక్కుతుంటే ఒక ఏడుపు వినిపించింది. గొంతు చించుకొని, కాళ్ళు తన్నుకొని, ముక్కులో గొట్టం పీక్కుంటూ ఏడ్చే ఏడుపు. పక్క మంచం ఆమె విసుక్కుంటోంది, "ఎవురమ్మా ఆ పిల్లోడు, పొద్దున్నే చెవులు పగలగొడతా ఉండాడు!" అవ్వ నవ్వుతూ, ఏడుస్తూ, "ఏడవనీమ్మా, ఏడవనీ!" అంటోంది. వాడి వైపు తిరిగి, "ఏమిరా దొంగనాకొడకా, ఆకలా? ముద్ద తింటావా?" అంది.

అమ్మ పోసిన తొమ్మిది రోజుల తరువాత ఆమె వాణ్ణి మళ్ళీ 'రా' అని పిలిచింది. నేను అక్కడే మెట్ల మీద కూర్చుండిపోయాను.

వాడు బతికాడు. ఎడమ చెవిలో చీము పట్టి ఆ చెవి సరిగా వినిపించకుండా పోయింది. ముందే తెచ్చుంటే వినికిడి నిలిచేదా అని డాక్టరును అడిగాను. చెప్పలేం సిస్టర్ అన్నాడు. మంచివాడు.

ఆ నెల మా నర్సుల మీటింగులో లేచి నిలబడి అంతా చెప్పాను, కూతురి గురించి అడిగిన మాటతో సహా. నా వయసు నర్సు ఒకామె వాతావరణం తేలిక చేద్దామని, "అక్కా, నా ట్రాన్స్‌ఫర్ సంగతి గూడ అడిగి ఉంటే బాగుండు" అంది. అందరూ నవ్వారు. ఆ తరువాత నవ్విన ఒక్కొక్కరూ తల దించుకున్నారు. వేపాకు కట్టిన గడప ముందు దండం పెట్టి వెనక్కి వచ్చింది నేనొక్కదాన్నే కాదు.

అప్పటినుంచి ఉద్యోగం విడిచేదాకా నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను. అమ్మ పోసిన ఇంటికి పోతే బయటే కాళ్ళు కడుక్కొని లోపలికి పోయేదాన్ని. బిడ్డ పక్కన కూర్చొని, గుడ్డ తీసి, ఎద మీద చూపు పెట్టి, నిండా ఒక నిమిషం లెక్కపెట్టేదాన్ని. నా చేత్తో నాలుగు గుక్కలు తాగించి చూసేదాన్ని. అప్పుడు దండం పెట్టేదాన్ని. లైనుల అవ్వలు దానికి నిమిషం పూజ అని పేరు పెట్టారు. తరువాత తరువాత, "నర్సమ్మా, మా ఇంట్లో అమ్మకు నిమిషం పూజ చేయలేదే" అని వాళ్ళే పిలిచేవాళ్ళు. తాగలేని బిడ్డ, తాగినదంతా కక్కే బిడ్డ, డొక్కలు ఎగరేసే బిడ్డ, లేపితే లేవని బిడ్డ, మూర్ఛ వచ్చిన బిడ్డ, దద్దు మాడాక మళ్ళీ జ్వరం కాగే బిడ్డ. వీళ్ళలో ఎవరు కనిపించినా పూజ అక్కడితో ఆపి బండి పిలవాలి. అమ్మకు కోపం రాదు. ఆ కోపం నా తల మీద వేసుకుంటానని చాలా ఇళ్ళలో మాట ఇచ్చాను. ఇంతవరకూ నాకేమీ కాలేదు.

అవ్వ పోయి కొన్నేళ్ళయింది. ఉన్నన్నాళ్ళూ జాతరకు పొంగలి పెట్టి, గిన్నెడు నాకు తెచ్చి ఇచ్చి, "ఆ దినం అమ్మ నీ ముందర గదమ్మా మాట ఇచ్చినాది" అనేది. ఆ ఎనిమిది లెక్కల నిశ్శబ్దం ఏమిటో ఆమెకు నేను చెప్పలేదు. ఆమె నమ్మకం పాడుచేయడం ఎందుకని ఊరుకున్నానంటే అది సగం నిజం. మిగతా సగం, నాకే తెలియదు. చదువు చెప్పిన కారణం ఉంది, అది నిజం. కానీ ఆ ప్రశ్న దగ్గరే, ఆ ఒక్క ప్రశ్న దగ్గరే ఎందుకు ఆగిందో చదువు చెప్పలేదు. నేను అడగను.

ఇది చదివే మీరు ఎవరిని కొలిచేవాళ్ళయినా సరే, పుస్తకం పక్కన పెట్టి ఒక్క నిమిషం నాతో చేతులు జోడించండి. తల్లీ, నువ్వు దిగిన ఇంట్లోకి మమ్మల్ని రానివ్వు. నీ ముందు వంచిన తల బిడ్డ ఎదకు అడ్డం రాకుండా చూడు. మా ఆశలకు నీ గొంతు తొడగనివ్వకు. ఈ వేళ ఏ మూసిన తలుపు వెనక ఏ బిడ్డ చప్పుడు లేకుండా పడుకొని ఉన్నాడో, వాడి గడప దాకా మాలో ఒకరిని నడిపించు. నడిపించి, గడప దాటించు.